వరండాలో చెప్పిన రిపోర్టు

2002వ సంవత్సరం. తిరుపతిలో ఒక ప్రైవేటు గుండె ఆసుపత్రిలో నేను ఎకో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. అప్పటికి ఆ పనిలో తొమ్మిదేళ్లు గడిచాయి. మొదటి అంతస్తులో మెట్లు ఎక్కగానే ఎడమవైపు ఉన్న చిన్న గది నాది. కిటికీకి నల్లగుడ్డ, ఒక మంచం, మిషను, జెల్లు సీసా, తుడుచుకోవడానికి పాత పంచెలు చింపిన గుడ్డలు. గది బయట వరండాలో ఒక చెక్క బెంచీ ఉండేది. నేను చెప్పబోయే తప్పు ఆ బెంచీ దగ్గర జరిగింది.

ఎకో అంటే తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. చెవికి వినిపించని శబ్దాన్ని ఛాతీ మీద నుంచి లోపలికి పంపితే అది గుండెకు తగిలి తిరిగి వస్తుంది. దాన్ని మిషను బొమ్మగా చూపిస్తుంది. చేతిలో పట్టుకునే పరికరాన్ని ప్రోబ్ అంటాం. గుండె గోడలు ఎలా కదులుతున్నాయి, కవాటాలు సరిగా మూసుకుంటున్నాయా, గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎంత రక్తం బయటికి పోతోంది అన్నవి కొలుస్తాం. ఈ చివరిదాన్ని ఎజెక్షన్ ఫ్రాక్షన్ అంటారు. మామూలు మనిషికి నూటికి అరవైకి అటూ ఇటూ ఉంటుంది. చూడటం, కొలవడం, రాయడం వరకే టెక్నీషియన్ పని. రోగికి చెప్పడం డాక్టరు పని. మద్రాసులో డిప్లొమా చదివేటప్పుడు మాకు మొదటిరోజే ఈ మాట చెప్పారు.

కానీ వరండా లెక్క వేరు. రోగి ఇంకా మంచం మీద జెల్లు తుడుచుకుంటూ ఉండగానే, వెంట వచ్చిన మగమనిషి తలుపు దగ్గరికి వచ్చేవాడు. గొంతు తగ్గించి, "ఏమప్పా, ఏమన్నా ఉండాదా?" అని అడిగేవాడు. నాది పుత్తూరు పక్క పల్లె. నేను నోరు తెరవగానే మనోడే అని వాళ్లకు తెలిసిపోయేది. డాక్టరు ముందు నిలబడి అడగలేనివి నన్ను అడిగేవాళ్లు. నేను చెప్పేవాణ్ణి. కాదనలేక చెప్పానని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజానికి అలా అడిగించుకోవడం నాకు ఇష్టంగా ఉండేది. డాక్టరు నేను రాసింది చదువుతుంది, గుండెను కళ్లారా చూసింది నేను గదా అనే గర్వం లోపల ఉండేది. ఒక సంగతి మాత్రం అప్పట్లో గమనించలేదు. నేను చెప్పినవాళ్లలో రోగి దాదాపుగా ఎవరూ లేరు. అంతా వెంట వచ్చినవాళ్లే.

ఆ ఏడాది జూలైలో ఒక మధ్యాహ్నం నగరి నుంచి వల్లియమ్మ అనే ఆమెను తీసుకొచ్చారు. యాభై రెండేళ్లు. సన్నటి మనిషి. భర్త మునిరత్నానికి నాలుగు మరమగ్గాలు ఉన్నాయి. ఆమె పని అచ్చు అతకడం. మగ్గం మీద ఒక పడుగు అయిపోయాక, దాని చివర్లకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే కలిపి మెలిపెట్టాలి. రెండు మూడు వేల పోగులుంటాయి. వేళ్లకు బూడిద అద్దుకుని, తల ఎత్తకుండా గంటలకొద్దీ చేసే పని అది. వాళ్ల వీధిలో ఆమె అతికిన పోగు తెగదని పేరు.

ఈసీజీ చూసిన అందరూ గుండెపోటే అనుకున్నారు. రక్తంలో ట్రోపోనిన్ కూడా పెరిగింది. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే పదార్థం అది. మా ఆసుపత్రి గుండె డాక్టరమ్మ యాంజియోగ్రామ్ చేయించింది. గుండె రక్తనాళాల్లోకి మందు పంపి తీసే ఎక్స్‌రే సినిమా అనుకోండి. నాళాలు శుభ్రంగా ఉన్నాయి. ఎక్కడా అడ్డు లేదు. ఆ తరువాత ఆమెను నా గదికి పంపారు.

ప్రోబ్ పెట్టగానే నాకు చిత్రంగా అనిపించింది. గుండె ఎడమ గది పైభాగం గట్టిగా, మామూలుకంటే ఎక్కువగా కొట్టుకుంటోంది. కింది కొసను మేము ఎపెక్స్ అంటాం. అది కదలడం లేదు. బెలూన్‌లా ఉబ్బి నిలిచిపోయింది. మెడ సన్నగా, అడుగు గుండ్రంగా ఉండే కుండ ఆకారం. ఎజెక్షన్ ఫ్రాక్షన్ ముప్పై. ఒక నాళం మూసుకుంటే ఆ నాళం పోషించే గోడ ఒక్కటే చచ్చుబడుతుంది. ఇక్కడ చుట్టూ సమానంగా ఆగిపోయింది. తొమ్మిదేళ్లలో అలాంటిది నేను చూడలేదు.

"నొప్పి ఎప్పట్నించి అమ్మా?" అని అడిగాను.

"కస్తూరి జుట్టు కత్తిరించినాక, నాయనా."

మగతలో మాట్లాడుతోంది అనుకున్నాను. తరువాత మెల్లగా చెప్పింది. కస్తూరి ఆమె చెల్లెలు. పక్కింట్లోనే కాపురం. ఆ ఉదయం మగ్గం దగ్గర వంగినప్పుడు కస్తూరి జడ బెల్టులో చిక్కుకుంది. వల్లియమ్మ ఒక చేత్తో మగ్గం ఆపి, పోగులు కత్తిరించుకునే చిన్న కత్తెరతో జడను మొదటికంటా కోసేసింది. కస్తూరికి నెత్తిమీద చర్మం కొంచెం లేచింది, అంతే. అరగంట తరువాత వల్లియమ్మకు రొమ్ములో పట్టేసింది.

బయట మునిరత్నం బెంచీ మీద కూర్చోకుండా నిలబడే ఉన్నాడు. చొక్కా నిండా దూది నలుసులు.

"జుట్టు పోయినామె ఇంట్లో కాఫీ తాగతా ఉండాది సామీ. సూసినామె ఈడ పండుకొని ఉండాది. ఇదేం యవ్వారం?" అన్నాడు. నవ్వబోయి, తలుపు సందులోంచి లోపలికి చూశాడు.

డాక్టరమ్మది చిత్తూరు. మాట కరుకు, పని నిదానం. నేను తీసిన బొమ్మల్ని ఆమె నాలుగుసార్లు తిప్పించి చూసింది.

"భాస్కర్, జపాన్ వాళ్లు దీనికి ఒక పేరు పెట్టినారు. మొన్న మీటింగులో విన్నాను. టకోట్సుబో అంట. సముద్రంలో ఆక్టోపస్‌లను పట్టే కుండ అంట. చూడు, అట్లే లేదూ?"

"నాళాలు బాగుంటే ఎందుకు మేడం ఇట్ల అవుతుంది?"

"ఒక్కసారిగా పెద్ద భయం గానీ దుఃఖం గానీ తగిలితే ఒంట్లో కొన్ని రసాయనాలు పొంగుతాయి. గుండె కండరం ఆ దెబ్బకు స్తంభించి పోతుంది అంటున్నారు. కొన్ని వారాల్లో తేరుకుంటుంది అంట."

"తరువాత?"

"తరువాత సంగతి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. నాకూ తెలీదు. అందుకే ఆర్నెల్లకోసారి రమ్మంటాను."

డిశ్చార్జి కాగితం మీద ఆ మాట రాసింది కూడా. కాగితం ఇంగ్లీషులో ఉండింది. మందులు మానకూడదు, ఆరు వారాలకు ఒక ఎకో, ఆ తరువాత ఆర్నెల్లకోసారి, మధ్యలో ఎప్పుడు నొప్పి వచ్చినా అదేరోజు రావాలి. నోటితో కూడా చెప్పింది. అందరూ తలలూపారు.

ఆరు వారాల తరువాత భార్యాభర్తలు ఇద్దరూ వచ్చారు. ఆరోజు డాక్టరమ్మ ఒక అర్జంటు కేసుతో యాంజియోగ్రామ్‌లు చేసే క్యాథ్ ల్యాబ్‌లో ఉంది. ఎప్పుడు బయటికి వస్తుందో తెలియదు. నేను ఎకో తీశాను. గుండె కొస చక్కగా ముడుచుకుంటోంది. ఎజెక్షన్ ఫ్రాక్షన్ అరవై రెండు. కుండ ఆకారం జాడ కూడా లేదు. అంత పెద్ద దెబ్బ తిన్న గుండె అంత శుభ్రంగా మామూలైపోవడం చూసి నాకే సంబరమైంది. ఆ సంబరంలోనే బయటికి వచ్చాను.

మునిరత్నం లేచి వచ్చాడు. "ఏం సామీ, ఏమన్నా ఉండాదా?"

"ఏం లేదు అన్నా. గుండె కొత్తదాని మాదిరి ఉండాది."

"ఏమీ లేదా?"

"ఏమీ లేదు."

"అయితే మేడమ్మను సూడాల్నా? రైలుకు టైమైతా ఉండాది. ఈరోజు మగ్గాలు నిలబెట్టి వచ్చినాం."

ఇక్కడ నేను ఉండమని చెప్పాలి. చెప్పడానికి పెద్ద కష్టమేమీ లేదు. కానీ నా మాట మీద ఒక మనిషి నిశ్చింతగా రైలెక్కుతున్నాడు అన్న ఆలోచన నాకు బాగుంది.

"రిపోర్టు నేను మేడంకు ఇస్తాలే. పోయిరండి" అన్నాను.

వల్లియమ్మ అప్పుడే గదిలోంచి బయటికి వచ్చింది. రవిక మీద కొంగు సర్దుకుంటూ నావైపు చూసింది. ఏదో అడగబోయిందని ఇప్పుడు అనిపిస్తుంది. అంతలో మునిరత్నం, "పదమ్మే, నీకేం లేదంట, సామే సెప్పినాడు" అంటూ మెట్ల వైపు నడిచాడు. ఆమె వెనకాలే వెళ్లింది.

సాయంత్రం డాక్టరమ్మ రిపోర్టు చూసి అడిగింది. "వాళ్లేరీ?"

"వెళ్లిపోయినారు మేడం. రైలు టైమైందని."

"నువ్వేమన్నా చెప్పినావా?"

"లేదు మేడం. ఏం చెప్పలేదు."

అబద్ధం. ఆమె ఒక నిమిషం నా ముఖం చూసి, ఫైలులో ఏదో రాసి మూసేసింది. ఆరోజు ఏం రాసిందో నాలుగేళ్ల తరువాత చూశాను.

ఆర్నెల్లకు వాళ్లు రాలేదు. ఏడాదికీ రాలేదు. నాకు గుర్తు కూడా లేదు. రోజుకు ఇరవై, ఇరవై ఐదు గుండెలు చూసే చోట ఒక మంచి కబురు ఎన్నాళ్లు గుర్తుంటుంది?

2006 మార్చిలో కిందినుంచి ఫోన్ వచ్చింది. పక్షవాతం కేసు, కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది, గుండెలో రక్తం గడ్డ ఏమన్నా ఉందేమో చూడమన్నారు. స్ట్రెచర్ మీద ఒక ఆడమనిషిని తెచ్చారు. తలకు కొంగు చుట్టుకుని ఉంది. ముఖం నేను గుర్తుపట్టలేదు. ప్రోబ్ పెట్టాక గుండెను గుర్తుపట్టాను. మెడ సన్నగా, అడుగు గుండ్రంగా ఉన్న అదే కుండ. ఈసారి దాని అడుగున ఒక గడ్డ అంటుకుని ఉంది. గచ్చకాయంత. రక్తం కదలనిచోట పేరుకుంటుంది. అందులోంచి ఒక ముక్క విడిపోయి మెదడుకు వెళ్లింది.

పేరు చూశాను. వల్లియమ్మ, నగరి.

బయట మునిరత్నం. నాలుగేళ్లకు బాగా నెరిసిపోయాడు. కుడి భుజానికి కట్టు ఉంది. నన్ను చూడగానే ఆశగా దగ్గరికి వచ్చాడు.

"సామీ, నువ్వే ఉండావా ఇంకా! నువ్వే గదా ఏం లేదని సెప్పినావు. మళ్లా ఇదేంది?"

ఆ గొంతులో నింద లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

జరిగింది ఆయనే చెప్పాడు. మూడురోజుల కిందట మగ్గం సామాను కొనుక్కుని తిరుపతి నుంచి బస్సులో వస్తున్నాడు. భుజం నొప్పిగా ఉందని, ఎముకల కట్లకు పేరున్న పుత్తూరులో కట్టు కట్టించుకోవడానికి దిగాడు. ఆ బస్సు ముందుకు వెళ్లి ఒక మలుపులో బోల్తా పడింది. నగరిలో ఇంటికి ఎవరో ఫోన్ చేసి, నీ మొగుడెక్కిన బస్సు పడిపోయింది, మనుషులు పోయినారంట అని చెప్పారు. రెండు గంటలు ఆమె వాకిట్లోనే నిలబడింది. పొద్దు వాలుతుండగా ఈయన భుజానికి కట్టుతో నడిచి వచ్చాడు. వీధి వీధంతా చుట్టూ మూగింది.

"అందురూ నా కట్టు సూసి, దెబ్బ తగిలిందా తగిలిందా అనేవాళ్లే. నేను నవ్వతా ఉండా. ఈమె రొమ్ము పట్టుకొని గుమ్మంలో కూసుండింది. నొప్పిగా ఉండాది అనింది. నేనేమన్నానో తెలుసా సామీ? కట్టు నాకు, నొప్పి నీకా అన్నా. అందురూ నవ్వినారు. ఆమె కూడా నవ్వింది."

"అదే రోజు ఎందుకు రాలేదన్నా?"

"ఏంటికి వస్తాం? గుండెకేం లేదని నువ్వు సెప్పింటివే. మందులు గూడా అప్పుడే నిలిపేస్తిమి."

రెండురోజులు ఆమె ఆ నొప్పితోనే వంట చేసింది, కండెలు చుట్టింది. మూడోరోజు పొద్దున అచ్చు అతకడానికి కూర్చుంది. పోగు వేళ్లలోంచి జారిపోయింది. మళ్లీ పట్టుకుంది. మళ్లీ జారింది. కస్తూరిని పిలవబోతే పేరు నోట్లో తిరగలేదు.

ఆ మధ్యాహ్నం నేను డాక్టరమ్మ గదికి వెళ్లి, నాలుగేళ్ల కిందట వరండాలో చెప్పింది చెప్పాను. ఆ తరువాత ఆమెతో ఆడిన అబద్ధం కూడా చెప్పాను. ఆమె పాత ఫైలు తెప్పించి నా ముందు తెరిచింది. ఆ రోజు తారీఖు కింద రెండు వాక్యాలున్నాయి. "నన్ను చూడకుండా వెళ్లారు. టెక్నీషియన్ ఏమీ చెప్పలేదన్నాడు."

"నీ మాట నమ్మి ఉత్తరం వేయించలేదు. ఏమీ చెప్పలేదన్నావు గదా, వాళ్లే వస్తారులే అనుకున్నా" అంది.

"మందులు మానకుండా వాడి ఉంటే ఇది రాకుండా ఉండేదా మేడం?"

"అది చెప్పలేను. ఆ మందులు దీన్ని ఆపుతాయని ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. కానీ నొప్పి వచ్చిన రోజే వచ్చి ఉంటే గుండె కదలడం లేదని చూసేవాళ్లం. రక్తం గడ్డకట్టకుండా మందు మొదలుపెట్టేవాళ్లం. చెయ్యి మిగిలేదేమో."

నేను ఫైలులోని ఆ రెండు వాక్యాలే మళ్లీ చదివాను.

"ఒకటి విను భాస్కర్. నువ్వు చూసింది తప్పు కాదు. ఆరోజు గుండె మామూలుగానే ఉంది. నువ్వు చూసింది ఆ ఒక్కరోజు గుండెను. చెప్పింది మాత్రం ఆమె మిగతా జీవితం గురించి."

ఉద్యోగం పోతుందనుకున్నాను. పోలేదు. "ఇంకోసారి వరండాలో నోరు తెరిచినావంటే నీ గదికి నేనే తాళం వేస్తా" అని మాత్రం అంది. తరువాత, "మూడు నెలలకు ఎకోకు వస్తారు. ఆరోజు నేను ఆమెకు చెప్పేటప్పుడు నువ్వు పక్కన నిలబడాలి. నువ్వన్న మాట నువ్వే వెనక్కి తీసుకోవాలి" అంది.

ఆ మూడు నెలల్లో నేను ఈ జబ్బు గురించి దొరికినంత చదివాను. అప్పటికి వైద్య పత్రికల్లో దీని గురించి ఎక్కువగా రాస్తున్నారు. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. ఎక్కువమందిలో గుండె కొన్ని వారాల్లో పూర్తిగా తేరుకుంటుంది. అందుకే మొదట్లో చాలామంది దీన్ని పోయే జబ్బుగా చూశారు. కానీ కొద్దిమందికి మళ్లీ వస్తుంది. నెలల్లో రావచ్చు, ఏళ్ల తరువాత రావచ్చు. ఎవరికి వస్తుందో ముందే చెప్పే పరీక్ష లేదు. ఎకో మామూలుగా ఉన్నా కొందరికి ఆయాసం, నీరసం మిగిలిపోతాయి. మొదటి కొద్దిరోజులే ప్రమాదం. గడ్డలు కట్టడం, గుండె లయ తప్పడం అప్పుడే జరుగుతాయి. కాబట్టి రోగికి ఇవ్వగల మంచి మందు, నొప్పి వస్తే ఆలస్యం చెయ్యకూడదన్న ఎరుక. నేను వల్లియమ్మ దగ్గర్నుంచి తీసేసుకున్నది సరిగ్గా అదే.

జూన్‌లో వచ్చారు. గడ్డ కరిగిపోయింది. గుండె మళ్లీ మామూలుగా కొట్టుకుంటోంది. మాట తిరిగి వచ్చింది. కుడిచెయ్యి లేస్తుంది, అన్నం కలుపుతుంది, కొంగు సర్దుకుంటుంది. బొటనవేలూ చూపుడువేలూ మాత్రం పోగును పట్టుకోలేవు.

డాక్టరమ్మ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, వల్లియమ్మ ముఖం చూస్తూ మాట్లాడింది. ఇది నిజమైన గుండె జబ్బేనని, నటన కాదని, బలహీనత కాదని, తగ్గిపోతుందని, మళ్లీ రావచ్చని చెప్పింది. తరువాత నావైపు చూసింది.

"అమ్మా, ఆ పొద్దు నేను అన్నతో ఏం లేదని చెప్పినాను. అది నేను చెప్పకూడని మాట. నాకు తెలియని మాట కూడా. నా తప్పు" అన్నాను. ముందురోజు సిద్ధం చేసుకున్న నాలుగు వాక్యాల్లో ఇంతే బయటికి వచ్చింది.

మునిరత్నం తల దించుకున్నాడు. వల్లియమ్మ కాసేపు తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చూసింది.

"నాలుగేండ్లు ఆ మాట నాకు దినామూ వడ్డించినారు నాయనా" అంది. "రొంత ఆయాసంగా ఉండాది, కూసుంటా అంటే, ఏం లేదన్నాడు గదా ఎకో సామి అనేవాళ్లు. ఈయన అనేవాడు, కస్తూరి అనేది. కడాకు నేనే నాతో అనుకుంటా ఉంటి. నీకేం లేదు, లెయ్యే అని."

"నేనేం కావాలని అంటినా?" అన్నాడు మునిరత్నం.

"కావాలని అనలేదులే. నీకు సెప్పినాడు, నువ్వు అన్నావు." మళ్లీ నావైపు తిరిగింది. "గుండె నాదైతే ఈయనకేంటికి సెప్పినావు నాయనా? నేను మంచం మీదనే ఉంటి గదా. ఈయన రైలుకు టైమైందా అని సూసుకున్నాడు. నేనైతే ఒక మాట అడిగుందును."

"ఏం అడిగుందువు అమ్మా?"

"మళ్లా వస్తాదా అని."

నాలుగేళ్ల కిందట డాక్టరమ్మ మొదటిరోజే తనకు తెలియదన్న ప్రశ్న అది. వైద్య పత్రికలు తిరగేసి నేను మూడు నెలలు వెతికింది కూడా అదే ప్రశ్న. ఈమె కొంగు సర్దుకుంటూ గదిలోంచి బయటికి వచ్చిన ఆ నిమిషంలోనే అడగబోయింది. ఆమె అడిగి ఉంటే నేను తెలియదని చెప్పాల్సి వచ్చేది. తెలియదంటే ఉండి డాక్టరును చూసి వెళ్లేవాళ్లు.

"తెలీదమ్మా," అన్నాను. "రావచ్చు, రాకపోవచ్చు. వస్తే అదేరోజు రావాలి."

"ఆ మాట తెలుగులో రాసియ్యి" అంది. "దినామూ వడ్డించే మాట మార్చుకోవల్ల మా ఇంట్లో."

డాక్టరమ్మ కాగితం నా ముందుకు తోసింది. నేను రాశాను. మేడం సంతకం పెట్టింది. ఆ కాగితాన్ని మగ్గాల కొట్టంలో, కరెంటు మీటలున్న చెక్కకు మేకు కొట్టి తగిలించారని తరువాత విన్నాను.

ఆరోజు నుంచి నా పనిలో రెండు మార్పులు వచ్చాయి. మిషను తెర రోగికి కనపడేలా మంచాన్ని తిప్పి వేయించాను. చూడగలిగినవాళ్లు తమ గుండెను చూసుకుంటారు, అడగాల్సింది డాక్టరును అడుగుతారు. రెండోది, తలుపు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించేవాళ్లతో, "ఉండాలి అన్నా, మేడమే చెప్తుంది, ఆమెను కూడా కూసోబెట్టుకొని వినండి" అనడం. కొందరికి కోపం వచ్చేది. "మనోడు అనుకుంటిమి, గవర్నమెంటోడి మాదిరి మాట్లాడతాడే" అని ఒకాయన వరండా అంతా వినపడేలా అన్నాడు. అనిపించుకున్నాను. అడిగించుకోవడంలో ఉన్న తీపి మానడానికి చాలా కాలం పట్టింది. పూర్తిగా మానానని ఇప్పటికీ చెప్పలేను.

వల్లియమ్మ ఆర్నెల్లకోసారి తప్పకుండా వచ్చేది. అచ్చు అతికే పని కస్తూరి నేర్చుకుంది. వల్లియమ్మ పక్కన కూర్చుని చెప్పేది. "దాని వేళ్లు మందం, దాని నోరు ఇంకా మందం. నేను సెప్తా ఉంటే ఊ కొట్టదు" అని నవ్వేది. కస్తూరి అతికినవి తెగుతున్నాయా అని అడిగితే, "తెగకుండా యాడికి పోతాయి?" అనేది. తరువాత కుడిచేతి వేళ్లను ఒకసారి రుద్దుకునేది. ఆ రుద్దుకోవడం ప్రతిసారీ చూశాను. చూడకుండా ఉండే హక్కు నాకు లేదనిపించేది.

2009లో, ఎండాకాలం మొదట్లో, చెప్పకుండా ఒకరోజు వచ్చారు. మధ్యాహ్నం పన్నెండు. మునిరత్నం ఆమెను దాదాపు మోసుకొచ్చాడు. చొక్కా నిండా దూది నలుసులు, కాళ్లకు చెప్పులు లేవు. పొద్దున తొమ్మిదికి రొమ్ములో నొప్పి మొదలైందట. మగ్గాలు నాలుగూ ఆపేసి, దొరికిన వ్యాను ఎక్కి వచ్చేశారు.

ఈసీజీ మామూలుగా ఉంది. ఆమె నా మంచం మీద ఎడమవైపుకు తిరిగి పడుకుంది. ప్రోబ్ పెట్టాను. తెర మీద గుండె కనపడింది. కొస ముడుచుకుంటోంది. విచ్చుకుంటోంది. ముడుచుకుంటోంది. ఎక్కడా ఉబ్బలేదు. ఆమె కూడా తెరవైపే చూస్తోంది.

తలుపు దగ్గర మునిరత్నం నిలబడ్డాడు. అలవాటుగా నేను తల తిప్పాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"నాకొద్దు సామీ. ఏమున్నా మేడమ్మ ఆమెకే సెప్పనీ. నేను బయట నిలబడుకుంటా" అని తలుపు దగ్గరికి వేసి వెళ్లాడు.

డాక్టరమ్మ వచ్చి బొమ్మ చూసింది, పొట్ట నొక్కి చూసింది, రక్తపరీక్షకు రాసింది. తరువాత స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చుంది. "ఈ పొద్దు గుండె బాగా కదలతా ఉంది వల్లియమ్మా. ఇది అది కాదు, పొట్ట మంట అనుకుంటా. రక్తం రిపోర్టు సాయంత్రానికి వస్తుంది, అందాకా ఉండాలి."

"ఊరికే వచ్చి మీకు పని పెట్టినామా?" అంది వల్లియమ్మ సిగ్గుపడుతూ.

డాక్టరమ్మ నావైపు చూసింది. ఏడేళ్ల కిందట అలవోకగా అనేసిన రెండు మాటలు నాలుక దాకా వచ్చి ఆగాయి.

"ఊరికే కాదమ్మా," అన్నాను. "మూడు గంటల్లో వచ్చినావు. పోయినసారి మూడురోజులు పట్టింది."

ఆమె తెర మీద తన గుండెను ఇంకాసేపు చూసింది. తరువాత ఎప్పుడూ అడిగేదే అడిగింది.

"మళ్లా వస్తాదా నాయనా?"

"తెలీదమ్మా" అన్నాను.

ఆమె తలూపి, ఎడమచేత్తో గుడ్డ అందుకుని జెల్లు తుడుచుకుంది.